బుడ్డోడికి తలంటు: మెత్తటి బొమ్మలు ఉతికి ఆరబెట్టే పని

మా మనవరాలికి నాలుగేళ్ళు, దాని టెడ్డీ ఎలుగుబంటికి రెండేళ్ళు. బొమ్మ పేరు బుడ్డోడు. కువైట్‌లో పనిచేసే మా పెద్దమ్మాయి కార్గోలో పంపింది. సబ్బులు, బాదంపప్పు, సెంటు సీసాలు, ఒక మందపాటి దుప్పటి, వాటి మధ్యలో కూరి వీడు. పొట్ట నొక్కితే "కన్నమ్మా, పడుకున్నావా తల్లీ" అని వాళ్ళమ్మ గొంతు వినిపిస్తుంది. అందుకని రాత్రిపూట ఆ బొమ్మని పక్కలోంచి తియ్యడం మా ఇంట్లో ఎవరి తరమూ కాదు. అన్నం తిన్న చేత్తోనే పట్టుకుంటుంది, ముక్కు వాడికే తుడుస్తుంది, వాడి చెవి నోట్లో పెట్టుకుని నిద్రపోతుంది.

నేను ముప్పై ఏళ్ళుగా కోనసీమలోని సఖినేటిపల్లిలో కుట్టుమిషన్ తొక్కుతున్నాను. గుడ్డ సంగతి నాకు తెలియనిదేముంది అనుకున్నాను. మొదటిసారి ఉతికినప్పుడే బోల్తా పడ్డాను. ఆషాఢమాసం, వారం రోజుల నుంచి ముసురు. బొమ్మ దగ్గర పులిసిన పాల వాసన వస్తోంది. వీపున ఉన్న చిన్న జిప్పులోంచి గొంతు డబ్బా తీసి పక్కన పెట్టి, బకెట్లో ముంచి, చీర పిండినట్టు పిండి, వరండాలో దండెం మీద పడేశాను. మూడోరోజుకి పైన బొచ్చు పొడిపొడిగా తగిలింది. పాప ఒకటే ఏడుపు, ఇచ్చేశాను. వారం తిరక్కుండా రాత్రిళ్ళు దగ్గు, గొంతులో పిల్లికూతలు. పంటు (బల్లకట్టు) మీద గోదావరి దాటి నరసాపురం తీసుకెళ్తే పిల్లల డాక్టరుగారు ఛాతీ చూసి, మందు రాసి, "రాత్రి పక్కలో ఏం పెట్టుకుని పడుకుంటుందమ్మా?" అని అడిగారు. ఇంటికొచ్చి వీపు కుట్టు విప్పి చూద్దును కదా, లోపలి దూది ఇంకా చెమ్మగానే ఉంది. నడిమధ్యలో మిరియాలపొడి చల్లినట్టు నల్లటి బూజు.

ఉతకడం ఎవరైనా ఉతుకుతారండి. ఆరబెట్టడం దగ్గరే అందరం దెబ్బ తింటాం. అటు సముద్రం, ఇటు వశిష్ఠ గోదావరి, ఇంటి వెనక కాలువ, రోడ్డు దాటితే రొయ్యల చెరువులు. ఇలాంటి చోట గాలే తడిగా ఉంటుంది. ఈ బొమ్మల సంగతి ఎవరడిగినా నేను ఆరబెట్టడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు లోపల ఏం ఉంటుందో తెలుసుకోవాలి. డస్ట్ మైట్స్ అని కంటికి ఆనని దుమ్ము పురుగులు పరుపుల్లో, దిండ్లలో, ఇలాంటి బొమ్మల్లో కాపురం పెడతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో మూడోవంతుకి మించి ఉండదు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు వాటికి తిండి. నీళ్ళు తాగవు, గాలిలో తేమనే పీల్చుకుంటాయి. గాలిలో తేమ 50 శాతం కంటే తక్కువైతే ఎండిపోయి చస్తాయి. మన ఊళ్ళల్లో అలాంటి రోజులు ఏడాదికి ఎన్నుంటాయో మీకూ తెలుసు. అవి కుట్టవు, కరవవు. వాటి పెంటలోని పదార్థం పడని పిల్లలకి తుమ్ములు, దగ్గు, ఆయాసం వస్తాయి. కాబట్టి పురుగుల్ని చంపి ఊరుకుంటే చాలదు, ఆ చెత్త నీళ్ళతో బయటికి పోవాలి. పాప పెట్టే చొంగ, ముక్కు చీమిడి, తినేటప్పుడు పడ్డ బెల్లం ముక్కలు ఎలాగూ ఉంటాయి. ఇల్లేమీ ఆపరేషన్ థియేటర్ కాదు, క్రిమి అన్నది లేకుండా ఎవరం చెయ్యలేం. అంత టెన్షన్ కూడా అక్కర్లేదు.

ఉతికే ముందు బొమ్మకి ఉన్న లేబుల్ చూడండి. ఇంగ్లీషు, అరబ్బీ రాకపోయినా పర్లేదు, బొమ్మలుంటాయి. తొట్టి బొమ్మలో 30 అనో 40 అనో ఉంటే అన్ని డిగ్రీల వేడి నీళ్ళ దాకా తట్టుకుంటుందని. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకాలి. తొట్టి మీద ఇంటూ కొట్టి ఉంటే నీళ్ళలో ముంచకూడదు. ఆ తర్వాత పొట్ట పిసికి చూడండి. మెత్తగా నొక్కుకుని మళ్ళీ పైకి లేస్తే పాలిస్టర్ దూది, దానితో భయం లేదు. గరగరమంటే థర్మోకోల్ గుళ్ళు, వాటికి వేడినీళ్ళు పనికిరావు. గడ్డలుగా తగిలితే పాత బట్టముక్కలో, బూరుగు దూదో అయ్యుంటుంది. కళ్ళు, ముక్కు గట్టిగా లాగి చూడండి. ఊడొచ్చేలా ఉంటే అప్పుడే పీకేసి, నల్లదారంతో కన్ను కుట్టెయ్యండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇది ఉతుకు కన్నా ముందు చెయ్యాల్సిన పని, గొంతుకి అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది.

చిన్న బొమ్మలకి వాషింగ్ మెషిన్ చాలు. పాత దిండు గలీబులో వేసి, మూతి తాడుతో కట్టి, రెండు తువ్వాళ్ళతో కలిపి సున్నితమైన ఉతుకు మీద పెట్టండి. తువ్వాళ్ళు లేకపోతే బొమ్మలు డ్రమ్ముకి దబదబా కొట్టుకుంటాయి. పౌడరు మామూలుగా వేసేదాంట్లో సగం చాలు. ఎక్కువైన నురగ దూదిలోంచి ఓ పట్టాన బయటికి రాదు.

చేత్తో ఉతికేవాళ్ళకి వేడి లెక్క చెబుతాను. దుమ్ము పురుగులు చావాలంటే నీళ్ళు 60 డిగ్రీలుండాలి. థర్మామీటరు అక్కర్లేదు. కళపెళ మరిగిన నీళ్ళు ఒక చెంబు, కుళాయి నీళ్ళు ఒక చెంబు, సమానంగా కలిపితే దాదాపు అంతే వేడి వస్తుంది. బకెట్లో బొమ్మని ముందే పెట్టి, పైన పోసి, పళ్ళెం మూత వేసి పావుగంట వదిలెయ్యండి. చెయ్యి పెట్టకండి, కర్రతో తిప్పండి. పిల్లలు ఆ పక్కకి రాకూడదు. లేబుల్ మీద 60 లేని బొమ్మకి ఈ పని చెయ్యొద్దు. జిగురుతో అంటించిన కళ్ళు ఊడతాయి, బొచ్చు అట్టకట్టి కాలిన జుట్టులా అవుతుంది.

వేడి పడనివాటికి ఫ్రీజర్ ఉంది. పాలిథిన్ కవర్లో వేసి గాలి పోయేలా నొక్కి, ముడేసి ఒక రోజు ఉంచాలి. మనకి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి నేను రెండు రోజులుంచుతాను. చలికి పురుగులు చస్తాయే గానీ చెత్త లోపలే ఉంటుంది, అందుకని తర్వాత చల్లనీళ్ళలో ఉతకాల్సిందే. ఒకసారి మా కుందేలు బొమ్మని ఒకే కవర్లో చుట్టి పెట్టాను. పక్కన మావారు తెచ్చిన రొయ్యలున్నాయి. ఆ కుందేలు నెల్లాళ్ళు రొయ్యల వాసనే, పిల్లి వదిలితే ఒట్టు. రెండు కవర్లు వాడండి.

మావైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటిలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు బొచ్చులో పేరుకుని ఆరాక బొమ్మ చీపురులా గరుకుగా తయారవుతుంది. ఉతకడానికి బోరు నీళ్ళు వాడినా, చివరి జాడింపుకి మాత్రం పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టి ఉంచుకోండి. ఆ ఆఖరి బకెట్లో రెండు చెంచాల తెల్ల వెనిగర్ వేస్తే మిగిలిన సబ్బు వదులుతుంది, ఆరేసరికి వాసన ఉండదు. కుంకుడుకాయ రసం ముదురు రంగు బొమ్మలకి బాగుంటుంది. తెల్లబొచ్చు మీద వాడితే పసుపుపచ్చ చారలు పడతాయి, నాకు ఒక గొర్రెపిల్ల అలాగే పోయింది.

ఇక ఆరబెట్టడం. ఉతికే రోజు ఉదయం వంటింటి డిజిటల్ కాటా మీద బొమ్మని తూచి, బరువు గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. బుడ్డోడు పొడిగా ఉన్నప్పుడు 640 గ్రాములు. మొన్న మాఘమాసంలో ఉతికి, మెషిన్‌లో రెండు నిమిషాలు తిప్పి తీస్తే 1 కిలో 50 గ్రాములు. మొదటిరోజు సాయంత్రం 790. చేత్తో పట్టుకుంటే పొడిగానే ఉన్నాడు, ఎవరికైనా పాపకి ఇచ్చెయ్యాలనిపిస్తుంది. పొట్టలో ఇంకా 150 గ్రాముల నీళ్ళున్నాయి, అంటే ఓ పెద్ద టీ గ్లాసుడు. రెండోరోజు పొద్దుపోయేసరికి 660. మూడోరోజు మధ్యాహ్నానికి 640కి వచ్చాడు. అప్పుడు ఇచ్చాను. ఆ ఆషాఢంలో కాటా ఎక్కించి ఉంటే అంత గొడవ జరిగేది కాదు.

పిండేటప్పుడు మెలిపెట్టకండి, దూది ఒక మూలకి చేరి గడ్డ కడుతుంది. మందపాటి తువ్వాలులో చాపచుట్టలా చుట్టి, మోకాలితో అదిమితే నీళ్ళు తువ్వాలు పీల్చుకుంటుంది. రెండు తువ్వాళ్ళు మారిస్తే సగం పని అయిపోయినట్టే. చెవులకి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే చెవులు సాగుతాయి, నీరంతా కాళ్ళల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. మా పక్కింటివాళ్ళ రొయ్యల చెరువు మీద కట్టిన పాత వల ముక్క తెచ్చి, బాగా ఉతికి, కొబ్బరిచెట్టుకీ పెరటి స్తంభానికీ మధ్య ఉయ్యాలలా కట్టాను. బొమ్మ దాంట్లో పడుకుంటే కిందనించి, పైనించి గాలి ఆడుతుంది. వల దొరక్కపోతే ఉల్లిపాయల సంచి ఉంది, నులకమంచం ఉంది. రెండు గంటలకోసారి తిరగెయ్యాలి, తిరగేసినప్పుడల్లా పొట్ట పిసికి దూది విడదియ్యాలి. సాయంత్రం మంచు దిగకముందే లోపలికి తెచ్చి ఫ్యాను కింద పెట్టండి. రాత్రి బయట వదిలేస్తే పగలు ఆరిందంతా తిరిగి తడుస్తుంది.

ఎండ మంచిదే, పైపొరకి. పొట్ట లోపలికి ఎండలోని శక్తి చేరదు, అక్కడ పని చేసేది గాలి. ముదురు రంగులు వెలిసిపోతాయి కాబట్టి మధ్యాహ్నం వీపు పైకి పెట్టండి.

పెద్ద బొమ్మయితే లోపలి దూది తీసి ఉతకడమే సుఖం. కుట్టు వచ్చినవాళ్ళకి అరగంట పని. వీపు మధ్య కుట్టు దగ్గర బొచ్చు పక్కకి తీసి చూస్తే, ఫ్యాక్టరీలో దూది నింపాక చేత్తో మూసిన చోటు తెలుస్తుంది. కుట్లు కొంచెం దూరదూరంగా ఉంటాయి. అక్కడే కత్తిరించండి, వేరేచోట కత్తిరిస్తే గుడ్డ పోగులు లేస్తాయి. దూదిని పాత దోమతెర ముక్కతో కుట్టిన సంచిలో వేసి ఉతికి, ఆ సంచిలోనే ఆరబెట్టి, ఆరాక చేత్తో పీకి పీకి మబ్బులా చెయ్యాలి. బూజు కనపడిందంటే ఆ దూది ఉతక్కండి, పారెయ్యండి. కొత్త పాలిస్టర్ దూది టైలరింగ్ సామాన్ల కొట్లలో దొరుకుతుంది. తిరిగి కుట్టేటప్పుడు రెండు అంచులూ లోపలికి మడిచి, సూది ఈ మడతలోంచి కొంచెం, ఆ మడతలోంచి కొంచెం తీస్తూ నిచ్చెన మెట్లలా పోవాలి. అరచేతి వెడల్పు కుట్టాక దారం మెల్లిగా లాగితే అంచులు వాటంతటవే మూసుకుంటాయి, కుట్టు బొచ్చులో మాయమవుతుంది. దారం రెండు పోగులు వెయ్యండి. పిల్లలు అక్కడే వేలు పెట్టి కెలుకుతారు.

బూరుగు దూది బొమ్మలు ఎవరింట్లోనైనా ఉంటే వాటిని ముంచొద్దు. మా అమ్మ కుట్టిన పాత బొమ్మ ఒకటి నా దగ్గరుంది, ఒంటి మీద నరసాపురం లేసు గౌను. గౌను విప్పి విడిగా సబ్బునీళ్ళలో నానబెట్టి, పిండకుండా తెల్లగుడ్డ మీద పరిచి ఆరేస్తాను. బొమ్మకి ఏడాదికోసారి చైత్రమాసపు ఎండ.

జిప్పు లేని, లోపల బ్యాటరీ ఉన్న బొమ్మలకి నురగ స్నానం. గిన్నెలో కొంచెం నీళ్ళు, చెంచాడు పిల్లల షాంపూ వేసి మజ్జిగ కవ్వంతో చిలకండి. పైకి తేలిన నురగ మాత్రమే గుడ్డతో తీసుకుని బొచ్చు వాలున రుద్దాలి. నీళ్ళు లోపలికి దిగకూడదు. తర్వాత పిండిన తడిగుడ్డతో మూడుసార్లు తుడిచి, ఫ్యాను కింద పెట్టండి.

ఎన్నాళ్ళకోసారి అంటే, పక్కలో పడుకునే బొమ్మ రెండు మూడు వారాలకోసారి, అలమరలో చూడ్డానికుండేవి మూణ్ణెల్లకోసారి. వానాకాలంలో నేను పెద్ద బొమ్మల జోలికే పోను. ఎండ ఉన్న పూట దండెం దగ్గర పట్టుకుని కర్రతో దులిపి, ఫ్రీజర్లో పెట్టి తీసి సరిపెడతాను. అప్పుడు పాప ఇంట్లోనే ఉండాలి, లేకపోతే ఆ దుమ్ము దాని ముక్కులోకే పోతుంది మరి. మెత్తటి బొమ్మలు మంచం మీద ఒకటి, మహా అయితే రెండు చాలు. మా చెల్లెలింట్లో పదహారున్నాయి, పిల్లాడికి కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు.

వాంతి పడితే, విరేచనం అంటితే రేపటిదాకా ఆగకండి. గ్లోవ్స్ వేసుకుని గట్టిది తుడిచేసి, విడిగా, లేబుల్ తట్టుకున్నంత వేడి నీళ్ళలో ఉతకండి. నోట్లో, అరచేతుల్లో పొక్కులు వచ్చే జ్వరమప్పుడూ అంతే, బొమ్మ పిల్లల మధ్య చేతులు మారకూడదు. తలలో పేలు పడితే భయపడక్కర్లేదు, తల వదిలిన పేను రెండు రోజులకి మించి బతకదు. ఉతకలేని బొమ్మని కవర్లో ముడేసి రెండు వారాలు అటక మీద పెడితే గుడ్ల భయం కూడా ఉండదు. గజ్జి అయితే కవర్లో ఒక వారం.

వరద నీళ్ళలో నానిన బొమ్మలు మాత్రం దాచుకోవద్దు. 2022 జులైలో మూడో ప్రమాద హెచ్చరిక దాటి గోదావరి వచ్చినప్పుడు మా బంధువుల ఇల్లు లంకలో మునిగింది. మరుగుదొడ్ల నీళ్ళు, పశువుల కొట్టాల నీళ్ళు అన్నీ కలిసిన వరద అది. దూదిలోకి దిగిన ఆ బురద ఎన్ని వేడినీళ్ళు పోసినా పూర్తిగా పోదు. గట్టి ప్లాస్టిక్ బొమ్మలు కడిగి ఉంచుకున్నారు, మెత్తటివి పారేశారు. పిల్లలు ఏడ్చారు, నిజమే.

వద్దన్నవి కొన్ని. కలరా ఉండలు బొమ్మల దగ్గర పెట్టొద్దు. చిన్నపిల్లలు మిఠాయి అనుకుని నోట్లో వేసుకుంటారు, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లలకి వాటి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కర్పూరం కూడా మింగితే ఫిట్స్ వస్తాయి. ఫినాయిల్ నేలకి, పిల్లల మూతి తగిలేదానికి కాదు. బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ బాత్రూమ్ యాసిడ్ గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. సాంబ్రాణి పొగ పడితే పురుగులు పోతాయంటారు మా అత్తగారు. ఆవిడ మాట కాదనలేక పూజగదికే పరిమితం చేశాను, ఆయాసం ఉన్న పిల్లకి పొగ అసలే పడదు.

బొమ్మని పిల్ల దగ్గర్నించి తియ్యడం వేరే విద్య. దొంగతనంగా తీస్తే ఊరుకోదు. ఆదివారం దానికి నూనె పెట్టి తలంటేటప్పుడు, "బుడ్డోడు కూడా మాసిపోయాడు, వాడికి తలంటు వద్దా?" అని అడుగుతాను. మొదటి చెంబు నీళ్ళు తనే పోస్తుంది. వల ఉయ్యాలలో వాణ్ణి ఊపడానికి గంటకోసారి పెరట్లోకి పరిగెడుతుంది. రాత్రికి కుందేలు కాపలా. ఒకసారి ఉతికాక "వీడు మా బుడ్డోడు కాదు, వాసన వేరే" అని విసిరికొట్టింది. అప్పటి నుంచి, పూర్తిగా ఆరాక ఒక రాత్రి వాళ్ళమ్మ పాత నూలుచీరలో చుట్టి పెట్టి ఇస్తున్నాను.

గొంతు డబ్బా ఆఖరున పెట్టాలి. దాంట్లో ఉండేవి గుండీ బ్యాటరీలు. పిల్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికలో తీవ్రంగా కాలిన పుండు పడుతుంది. స్క్రూ బిగించి, జిప్పు మూసి, జిప్పు తాడు కనపడకుండా రెండు కుట్లు వెయ్యండి. కొన్ని డబ్బాల్లో బ్యాటరీ మారిస్తే రికార్డింగ్ చెరిగిపోతుంది. మాకు అలాగే పోయింది. మా అమ్మాయి కువైట్ నుంచి వాట్సాప్‌లో మళ్ళీ అదే మాట పంపితే, ఫోను డబ్బాకి ఆనించి ఎక్కించాం. ఆ రోజు దానికి గొంతు బొంగురుగా ఉందో ఏమో, పాప పొట్ట నొక్కి విని, "అమ్మమ్మా, తడిసి వీడికి జలుబు చేసింది" అంది. బ్యాటరీ తీసే ముందే ఆ గొంతుని ఫోన్‌లోకి ఎక్కించి పెట్టుకోండి.